కుంపటికి స్వెటరు

ప్రార్థన హాలు వెనక గది నుంచి,
చలి మొదలైన సోమవారం.

చెల్లీ,

నువ్వు నమ్ముతున్నావా, లేదా? అటో ఇటో తేల్చి చెప్పు. వేడిగానూ కాక, చల్లగానూ కాక, నులివెచ్చగా ఉండే జవాబు మాత్రం నాకు రాయకు. అలాంటిది నోట్లో పడితే ఉమ్మేయాలనిపిస్తుంది.

పోయిన ఉత్తరంలో నువ్వు రాసిన ఒక్క ముక్క నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. "అన్నయ్యకి చలేస్తోందక్కా" అన్నావు. ఎవరికి? నా తమ్ముడికా? లాండ్రీ బాయిలరు ముందు నిలబడి ఇన్నేళ్లూ బొగ్గు వేసిన మనిషికా? మంచు పడే రోజుల్లో కూడా బనీనుతో వీధిలోకి వెళ్లి, ఇరుగుపొరుగు చేత తిట్లు తిన్నవాడికా? చిన్నప్పుడు మనిద్దరం కొయ్యబారిన పాదాలు వాడి వీపుకి ఆనించుకుని పడుకునేవాళ్లం. 'కుంపటి' అని పేరు పెట్టింది నువ్వే. కుంపటికి చలేమిటే?

కడుపులో గడ్డ అన్నారు. కోశారు, కుట్టారు, ఇంటికి పంపారు. సరే. డాక్టర్ల పని అయింది, ఇక ప్రభువు పని మొదలైంది. వసంతకాలం సభల్లో వాడు నా పక్కన వేదికెక్కి, ప్రభువు బాగుచేశాడని సాక్ష్యం చెప్తాడు. చెప్పేటప్పుడు నీ చేత్తో అల్లిన స్వెటరు వేసుకుని ఉంటాడు. ఇది నేను కల్పించిన మాట కాదు. మోకాళ్ల మీద ఉండగా నాకు దొరికిన మాట.

పార్సిలులో ముదురు నీలం ఊలు, సూదులు, నా నమూనా కార్డు పెట్టాను. మా అల్లిక తరగతిలో ఆడవాళ్లకి నేను నేర్పేది ఈ ఒక్క నమూనానే. ముందు భాగం, వెనక భాగం, రెండు చేతులు. పసిపిల్లకైనా పహిల్వానుకైనా అదే. ఊలు లావా సన్నమా అని కూడా అది అడగదు. ముందు నాలుగు వేళ్ల వెడల్పున ఒక మాదిరి ముక్క అల్లు. అంగుళానికి ఎన్ని కుట్లు పడ్డాయో చూసుకో. ఛాతీ కొలతకి నాలుగు అంగుళాల వదులు కలిపి, సగం చేసి, దాన్ని ఆ కుట్లతో హెచ్చవెయ్యి. ఎంత వస్తే అన్ని కుట్లు సూది మీదికి ఎక్కించు. అరణ్యంలో ఆకాశం నుంచి రాలిన ఆహారాన్ని ఎవరికి తగినంత వాళ్లు ఏరుకున్నారు. ఎక్కువ ఏరినవాడికి మిగల్లేదు, తక్కువ ఏరినవాడికి చాలకపోలేదు. ఈ నమూనా కూడా అంతే.

వాడి ఛాతీ నలభై నాలుగు. టేపు అక్కర్లేదు, వాడి చొక్కాలన్నీ కుట్టింది నేనే.

అక్క.


వంటగది బల్ల దగ్గర నుంచి,
గురువారం, పాలు కాగేలోపు.

అక్కా,

నమ్ముతున్నావా అని అడిగావు. ఊలు అందిందని మాత్రం గట్టిగా చెప్పగలను.

మాదిరి ముక్క అల్లాను. నీ నీలం ఊలుతో అంగుళానికి నాలుగు కుట్లు పడ్డాయి. అన్నయ్య ఆ ముక్క తీసుకుని చెంపకి రాసుకున్నాడు. "అచ్చం అక్క ప్రసంగమేనే! వెచ్చగానే ఉంది గాని ఒళ్లంతా దురద" అన్నాడు. నవ్వుకున్నాం గానీ, కాసేపటికి చూస్తే చెంప మీద ఎర్రగా దద్దు లేచింది. ఈమధ్య వాడి చర్మం ఉల్లిపొర అయిపోయింది. దుప్పటి అంచు తగిలినా కందిపోతోంది.

నా దగ్గర బూడిదరంగు శాలువా ఉంది కదా, మెత్తగా, సన్నటి ఊలు. దాన్ని విప్పి అల్లనా? సన్న ఊలైతే లెక్క మారుతుందేమో, చెప్పు.

ఇంకో సందేహం. ఇది ఊరికే అడుగుతున్నాను. మనిషి కాస్త తగ్గి ఉంటే కొలత ఎలా పట్టాలి? నాలుగు అంగుళాల వదులు తీసేస్తే సరిపోతుందా? లేక మొదటినుంచీ కుట్లే తగ్గించాలా?

తింటున్నాడు. పాలలో రొట్టె ముంచి పెడుతున్నాను. ఎంత తిన్నాడని అడక్కు.

నీ చెల్లి.


ప్రార్థన హాలు వెనక గది నుంచి,
ఆదివారం సభ ముగిశాక.

చెల్లీ,

ఊలు మార్చుకో. దానికి నా అనుమతి దేనికి? నమూనా ఉన్నదే అందుకు. శాలువా ఊలుతో మళ్లీ మాదిరి ముక్క అల్లు. అంగుళానికి ఆరు పడొచ్చు. అప్పుడు నలభై నాలుగుకి నాలుగు కలిపి, సగం ఇరవై నాలుగు, ఆరుతో హెచ్చవేస్తే నూట నలభై నాలుగు కుట్లు. శ్రమ ఎక్కువ, అయినా ఫరవాలేదు.

కొలత మాత్రం మార్చవద్దు. ఒక్క కుట్టు తగ్గించినా ఒప్పుకోను.

'కాస్త తగ్గి ఉంటే' అంటావా! కాస్త అంటే ఎంతో నాకు రాయకు. నాకు వినాలని లేదు. అప్పులవాళ్లు గుమ్మంలో కూర్చున్న ఆ విధవరాలి సంగతి ఎన్నిసార్లు చెప్పాను నీకు? ఇంట్లో ఉన్నది ఒక్క బుడ్డి నూనె. ప్రవక్త ఏమన్నాడు? పొరుగిళ్లకి వెళ్లి ఖాళీ గిన్నెలు అరువు తెచ్చుకోమన్నాడు, కొన్ని తెచ్చి ఆగొద్దన్నాడు. ఆమె గిన్నెలు పడుతున్నంతసేపూ నూనె కారింది. గిన్నెలు అయిపోగానే నూనె ఆగింది. నూనె అయిపోయి గిన్నెలు మిగల్లేదే పిచ్చిదానా, గిన్నెలు అయిపోయి నూనె ఆగింది! నువ్వు చిన్న గిన్నె పట్టుకెళ్తే ఆయన అంతే పోస్తాడు. స్వెటరు నీ గిన్నె. నలభై నాలుగు పట్టుకో. దాన్ని నింపడం ఆయన పని.

ఈ ఉత్తరం వాడికి చదివి వినిపించు. అక్క మాటగా చెప్పు.

అక్క.


కిటికీ పక్క కుర్చీ నుంచి,
రెండు వారాల తర్వాత.

అక్కా,

చదివి వినిపించాను. కళ్లు మూసుకుని విన్నాడు. "సరే, అక్క ఎంతంటే అంత" అన్నాడు. చిన్నప్పుడు నువ్వు ఆముదం తాగమన్నా ఇలాగే అనేవాడు.

శాలువా విప్పాను. నూట నలభై నాలుగు కుట్లు ఎక్కించాను. వాడి మంచం పక్కనే కూర్చుని అల్లుతున్నాను. ఒక వరస పూర్తయ్యేసరికి వాడు ఒక కునుకు తీసి లేస్తున్నాడు. "ఇంకా అదే వరసా? రోడ్డు వేస్తున్నావా ఏంటే?" అంటాడు. నిజంగా రోడ్డులాగే ఉంది, ఆ చివరికి చేరేసరికి ఈ చివర ఎక్కడుందో కనబడడం లేదు.

నిన్న లాండ్రీ నుంచి ఇస్త్రీ బాబాయి చూడడానికి వచ్చాడు. గుమ్మంలో ఆగిపోయి, "పొరబాటు, పక్కింటికి వచ్చాను" అని వెనక్కి తిరగబోయాడు. అన్నయ్యే పిలిచాడు: "బాబాయ్! నేనే. ఏనుగు చిక్కినా ఏనుగే, లోపలికి రా." బాబాయి తేరుకుని, "ఏరా కుంపటీ, బొగ్గు అయిపోయిందా?" అని హాస్యమాడాడు. ఇద్దరూ లాండ్రీ మేనేజరుని చాలాసేపు తిట్టుకున్నారు. ఆ తిట్లతో అన్నయ్యకి కాస్త రంగు వచ్చింది. సాగనంపడానికి నేను వెళ్తే, మెట్ల మీద బాబాయి కూలబడిపోయాడు. టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని, "నాకు ఎవరూ చెప్పలేదమ్మా, నాకు ఎవరూ చెప్పలేదు" అదే మాట. ఏం చెప్పను? నన్నే ఎవరూ చెప్పనివ్వడం లేదు.

డాక్టరమ్మ కూడా వచ్చి చూసింది. ఏమందో రాస్తే నువ్వు నా విశ్వాసాన్ని జల్లెడ పడతావు. అందుకని రాయను.

వెనక భాగం పూర్తయింది. వాడి మీద కప్పి చూశాను. కొలత చూడడానికి కాదు, కప్పడానికే. సరిగ్గా సరిపోయింది, దుప్పటిగా.

ఒక్కసారి వచ్చి వెళ్లవా అక్కా? ఊరికే. ప్రార్థనకి కాదు.

నీ చెల్లి.


ప్రార్థన హాలు వెనక గది నుంచి,
బుధవారం, తరగతి మొదలవక ముందు.

చెల్లీ,

వెనక భాగం అయిందంటే సగం గెలిచినట్టే. ఆదివారం సభలో లేచి నిలబడి చెప్పాను, నా తమ్ముడి స్వెటరు సిద్ధమవుతోందని. హాలంతా ఒక్క గొంతుతో 'ఆమెన్' అంది. ముందు వరసలో కాళ్లు పడిపోయిన ముసలమ్మ ఏడ్చింది. వసంతకాలం సభలకి దూరం నుంచి కూడా జనం వస్తారట, వాడిని చూడ్డానికి.

ఇప్పుడు ఎలా రాను? వారానికి మూడు సభలు. హాలు కప్పు ఉరుస్తోంది. నా గొంతు బొంగురుపోయింది. పైగా నేను వస్తే వాడు మర్యాదకి లేచి కూర్చోబోతాడు, అనవసరంగా అలసిపోతాడు. అక్కడి గదిలో ఒక్కదాన్ని కూర్చుంటే ఒక ప్రార్థన, ఇక్కడైతే వందమంది ప్రార్థన. లెక్క నువ్వే వేసుకో.

తరగతిలో ఒకావిడ అడిగింది, "అమ్మగారూ, మీ తమ్ముడుగారు ఇప్పుడెలా ఉన్నారు?" అని. బాగున్నాడు అన్నాను. బాగున్నాడు కదా?

చేతులు మొదలుపెట్టు. మణికట్టు దగ్గర బిగువుగా, పైకి పోయేకొద్దీ వెడల్పు చేసుకుంటూ పో. వాడి జబ్బలు నీకు తెలుసు కదా, గుమ్మడికాయలు.

అక్క.


కిటికీ పక్క కుర్చీ నుంచి,
స్వెటరు పూర్తయిన మర్నాడు.

అక్కా,

పూర్తయింది. నువ్వు చెప్పిన కొలతకే అల్లాను, ఒక్క కుట్టు తగ్గించలేదు. నిన్న సాయంత్రం వాడికి తొడిగాను. ఇక నువ్వు వద్దన్నవి కూడా రాస్తాను, చదువు.

మెడ భుజం దాటి జారిపోయింది. స్వెటరు చేతుల్లో వాడి చేతులు ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సి వచ్చింది. నీ గుమ్మడికాయలు లేవక్కా, ఎముకకి చర్మం చుట్టి ఉంది. వాడు కిందికీ మీదికీ చూసుకుని, "ఇంకొకడు హాయిగా పడతాడే ఇందులో. సగం అద్దెకిద్దాం" అన్నాడు. నవ్వబోయాను. రాలేదు.

వదులు స్వెటరు వెచ్చగా ఉండదని నీకు నేను చెప్పాలా? కింద నుంచి దూరిన గాలి మెడ దగ్గర బయటికొస్తోంది. రెండు చేతులతో పొట్ట దగ్గర కుచ్చి పట్టుకుని కూర్చున్నాడు. చేతులు నొప్పెడితే వదిలేస్తాడు, చలేస్తే మళ్లీ పట్టుకుంటాడు. పిన్నులు పెట్టాను, గుచ్చుకున్నాయి. దుప్పటి మీద దుప్పటి వేస్తే బరువుకి ఊపిరాడడం లేదంటాడు. ఒంటికి అంటుకుని ఉండేదే కావాలి వాడికి.

"విప్పేసి నీ ఒంటికి సరిపడా అల్లుతాను, కొద్ది రోజులు ఓర్చుకో" అన్నాను. ఎంత కోపం వచ్చిందో! "అక్క చెప్పేదాకా విప్పకు. తగ్గించి అల్లితే నేను తగ్గిపోయినట్టే కదా" అన్నాడు. ఆ తర్వాత గోడవైపు తిరిగి, "ఇది నాది కాదే. లేచి నిలబడేవాడెవడో వస్తాడు, వాడిది. నేను వాడికి కాపలా" అన్నాడు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి అలా అంటుంటే.

వాడు నీ మాట జవదాటడు. నేను వాడి మాట దాటలేను. నువ్వేమో 'కాస్త అంటే ఎంతో నాకు రాయకు' అంటావు. ముగ్గురం ఒకే సూదిలో ఇరుక్కున్న దారాల్లా ఉన్నాం, ఎవరు లాగినా ముడే బిగుస్తోంది.

నీ గ్రంథం నేనూ చదువుతాను. కొడుకుని మందిరంలో సేవకి విడిచిపెట్టిన ఆ తల్లి సంగతి చూడు. యేటేటా వాడికి చిన్న అంగీ కుట్టి తీసుకెళ్లేది. ఏ యేటి కొలత ఆ యేటికే. పెద్దయ్యాక వాడెంత గొప్పవాడవుతాడోనని మొదటి యేడే పెద్ద అంగీ కుట్టి, పసివాడిని చలిలో కూర్చోబెట్టలేదు. ఆమెకి విశ్వాసం తక్కువా? ఇంకో మాట. పోస్టులో పంపలేదక్కా. తానే వెళ్లి తొడిగింది.

డాక్టరమ్మ ఏమందంటే, మందులు ఇక నొప్పికే అంది. ఎన్నాళ్లని అడిగితే నా భుజం మీద చెయ్యి వేసింది. అంతే.

అంకె రాస్తే నువ్వు నమ్మవు, నాతో వాదిస్తావు. అందుకని వాడు నిద్రపోతున్నప్పుడు ఛాతీ చుట్టూ ఊలు పోగు పట్టి, కత్తిరించి ఇందులో పెడుతున్నాను. దానితో వాదించుకో.

నీ చెల్లి.


రైలు స్టేషను బల్ల మీద నుంచి,
పొద్దున్న.

చెల్లీ,

పోగు అందింది.

మొదట వాదించాను. తడిసి కుంచించుకుపోయి ఉంటుందన్నాను. నువ్వు లాగి పట్టావన్నాను. తర్వాత నా ఛాతీకి చుట్టాను, రెండు కొసలూ కలవలేదు. దిండుకి చుట్టాను, కలవలేదు. తరగతికి వచ్చే పదిహేనేళ్ల పిల్లని నిలబెట్టి చుట్టాను. అంత సన్నటి పిల్ల! దానికి సరిగ్గా సరిపోయింది. "ఎవరికమ్మగారూ స్వెటరు, మా ఈడు పిల్లకా?" అంది. ఇన్నేళ్లలో జనం ముందు నాకు మాట రాకపోవడం అదే మొదటిసారి. తరగతి మధ్యలో వదిలేసి బయటికి వచ్చేశాను.

నాకు భయమే చెల్లీ. సభలు, కప్పు, గొంతు, అవన్నీ అడ్డం పెట్టుకున్న గుడ్డలు. ఎందరి మంచాల పక్కనో మోకరించాను. కొందరు లేచారు, కొందరు లేవలేదు. లేవనివాళ్ల ఇంటి నుంచి వచ్చేసి మరో ఇంటికి వెళ్లేదాన్ని. ఈ ఒక్క మంచం దగ్గర లేవకపోతే నేను ఎక్కడికి వెళ్లాలి? అందుకే కొలత వినను అన్నాను. వినకపోతే తగ్గదనుకున్నాను.

చలికి వణికేవాడితో 'వెచ్చగా ఉండు' అని చెప్పి, ఒంటికి బట్ట ఇవ్వకుండా సాగనంపేవాడి నమ్మకం శవంతో సమానమని వాక్యం చెప్తుంది. ఆ మాట మీద గొంతు చించుకుని ఎన్నిసార్లు ప్రసంగించానో! ఎవరికి చెప్పాననుకున్నాను?

ఇంకా అడుగుతాను. లేపమని ఆయన్ని అడగడం మానను, నా తల నేలకి కొట్టుకునైనా అడుగుతాను. ఆయన వింటాడో వినడో నా చేతిలో లేదు. నా చేతిలో ఏమీ లేదని నాకిప్పుడే తెలిసొస్తోంది. వాడి ఒంటి మీది చలి ఒక్కటే మన చేతిలో ఉంది. అదైనా తీసేద్దాం.

కొండ దగ్గర పట్టాల మీద మట్టి పడిందట, ప్రయాణికుల బండి ఎల్లుండి గాని కదలదు. ఇక్కడే కూర్చుని ఉంటాను, మొదటి బండికే ఎక్కుతాను. ఈ ఉత్తరం మీ వైపు సరుకు తీసుకెళ్తున్న లారీ డ్రైవరు చేతిలో పెడుతున్నాను. నాకోసం ఆగకు. ఆగి, నేను రాగానే మొదలుపెడదామనుకోకు.

పోగు కొలిచాను, ముప్పై రెండు. వదులు నాలుగు వద్దు, రెండు చాలు. సగం పదిహేడు. ఒంటి పోగుతో అల్లితే వారం పడుతుంది, అంత వ్యవధి లేదు. రెండు పోగులు కలిపి, లావు సూదులు తీసుకో. అంగుళానికి నాలుగే పడతాయి, పదిహేడు నాలుగులు అరవై ఎనిమిది. వేగంగా సాగుతుంది, మందంగా ఉంటుంది, మెత్తదనం పోదు. చేతులు ఇప్పుడు వద్దు. మెడ నుంచి నడుం దాకా ముందు ఒంటికి పట్టించు, చేతులు నేనొచ్చి అల్లుతాను.

ప్రక్కల కుట్టు కత్తిరించు. ముందు భాగం నుంచి ఒక పోగు, వెనక భాగం నుంచి ఒక పోగు లాగుతూ, లాగుతూనే సూదికి ఎక్కించు. వాడికి ఓపికుంటే ఆ కొసలు వాడి చేతికే ఇవ్వు, వాడినే లాగమను. తగ్గించి అల్లితే వాడు తగ్గిపోడు. అక్క చెప్పింది అని చెప్పు. అక్క తప్పు లెక్క చెప్పింది, ఇప్పుడు సరిచేసింది అని కూడా చెప్పు.

విప్పిన ఊలు మెలికలు తిరిగి వస్తుంది. ఉతికి, ఆరబెట్టి, సాపు చేసి అల్లాలని నేర్పింది నేనే. ఉతకద్దు. ఆరబెట్టద్దు. మాదిరి ముక్క కూడా వద్దు. వంకరగా వచ్చినా, కుట్టు జారినా వెనక్కి వెళ్లకు, ముందుకే అల్లు. పొయ్యి మీద ఏదైనా ఉంటే దించెయ్యి. ఈ ఉత్తరం మడిచి దాచడం తర్వాత. కత్తెర తీసుకో చెల్లీ. రేపు కాదు, సాయంత్రం కాదు. ఇవాళే, ఇప్పుడే, వాడి ఎదురుగానే కూర్చుని మొదటి కుట్టు కత్తిరించు.